నల్లమలలో నడక, ఫొటోలు: డిసెంబర్‌లో నాలుగు రోజులు ఎలా ప్లాన్ చేసుకోవాలి

మీరు అడిగినదంతా ఒకసారి నాకర్థమైనట్టు చెప్తా. నలుగురు, హైదరాబాద్ నుంచి సొంత కారు, డిసెంబర్లో వీకెండ్ కలిపి నాలుగు రోజులు. నల్లమల మొత్తం కవర్ అవ్వాలి, గట్టి ట్రెక్ ఒకటైనా ఉండాలి, ఇద్దరి దగ్గర మంచి కెమెరాలున్నాయి కాబట్టి ఫొటోలు బాగా రావాలి, కుదిరితే అడవిలో టెంట్, కుదిరితే డ్రోన్, అదృష్టం బాగుంటే పులి. నలుగురిలో ఒకాయనకి మోకాళ్ళ నొప్పి.

ముందు ఆ "నల్లమల మొత్తం" అనేది తీసేయండి. కృష్ణ దగ్గర్నుంచి దక్షిణాన పెన్నా వైపు దాకా పోయే కొండల వరస అది, అందులో ఒక్క నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వే 3,700 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది, దేశంలో అంతకన్నా పెద్ద టైగర్ రిజర్వ్ లేదు. కృష్ణకి ఇవతల తెలంగాణ వైపు అమ్రాబాద్ రిజర్వ్ ఇంకో 2,600 చదరపు కిలోమీటర్లు. నాలుగు రోజుల్లో మన్ననూరు, శ్రీశైలం, బైర్లూటి, అహోబిలం, మహానంది అన్నీ పెట్టుకున్న ప్లాన్లు చాలా చూశా, అందులో జరిగేది డ్రైవింగే, అడవి కారు అద్దంలోంచి కనపడుతుంది అంతే. ఏదో ఒక వైపు ఎంచుకోండి.

అసలు విషయానికొస్తా. నల్లమలలో మీకు ఫొటోలు వస్తాయా రావా అనేది లెన్సు కంటే ముందు మీరు రాత్రి ఎక్కడ పడుకున్నారు అనేదాని మీద ఉంటుంది. ఎందుకంటే అడవి గుండా పోయే రోడ్లకి గేట్లున్నాయి. హైదరాబాద్ శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు నుంచి దోమలపెంట దాకా, అవతల శ్రీశైలం నుంచి దోర్నాల దాకా, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్ళు వదలరు. డిసెంబర్లో సూర్యుడు వచ్చేది ఆరున్నర దాటాక. మీరు హైదరాబాద్‌లో తెల్లవారుజామున మూడింటికి లేచి ఎంత తొందరపడి వచ్చినా గేటు దగ్గర లైన్లో నిలబడి, తెరిచాక లోపలికెళ్ళి, పాయింట్ దగ్గరికి చేరేసరికి ఏడున్నర, అప్పటికి లోయలో మంచు చెదిరిపోవడం మొదలైపోతుంది, ఎనిమిదిన్నర తర్వాత వెలుతురు గట్టిపడిపోయి ఆకుల మధ్య తెల్ల మచ్చలు తప్ప ఏమీ రాదు. అదే అడవి లోపలో అంచునో పడుకున్నవాడు చీకట్లో లేచి టీ తాగి కెమెరా పట్టుకుని నిలబడి ఉంటాడు. మంచి రూం దొరికిందని ఎక్కడో టౌన్‌లో దిగితే ఆ రెండు గంటలూ పోయినట్టే, ఇక రోజంతా తిరిగినా అవి తిరిగిరావు.

రెండోది, నడక రోజు వేరు, ఫొటో రోజు వేరు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు చేద్దామనే అందరూ అనుకుంటారు, అక్కడే చెడుతుంది. ఫొటో తీసేవాడు ఒక చెట్టు దగ్గర ఇరవై నిమిషాలు ఆగుతాడు, కెమెరా లేని ఇద్దరూ విసుక్కుంటారు, మధ్యాహ్నానికి అనుకున్న చోటికి చేరరు, సాయంత్రం చీకటి పడకముందే దిగాలి కాబట్టి పరుగులు, ఆ పరుగులో ట్రైపాడ్ మోస్తున్నవాడు జారిపడతాడు. నడిచే రోజు ఒక చిన్న లెన్సో ఫోనో చాలు. పెద్ద లెన్సు జీపులో కూర్చునే రోజుకి.

ఇక పర్మిషన్ సంగతి, ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. శాంక్చువరీలోకి ఎవరు ఎందుకు వెళ్ళొచ్చు అనేది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే రాసుంది, పర్మిట్ లేకుండా అడుగుపెట్టడమే నేరం, ఫొటోగ్రఫీకైనా టూరిజానికైనా అటవీశాఖ పర్మిట్ ఇవ్వాల్సిందే. అంటే పాత మ్యాప్‌లో ఒక బాట కనపడింది, ఎవరో వీడియోలో వెళ్ళారు, మనమూ వెళ్దాం అంటే కుదరదు. కోర్ ఏరియాలో, అంటే పులుల కోసమే ఉంచిన లోపలి అడవిలో, కాలినడక టూరిస్టులకి లేదు. అడవిలో సొంత టెంట్ అసలే లేదు. అటవీశాఖ క్యాంపుల్లో వాళ్ళే వేసి ఇచ్చే టెంట్లు, కాటేజీలు ఉంటాయి, అవి తీసుకోండి, చుట్టూ అడవే కాబట్టి మీరు కోరుకున్నది ఇంచుమించు అదే. డ్రోన్ ఇంట్లో పెట్టేసి రండి. పర్మిషన్ లేకుండా టైగర్ రిజర్వ్ మీద ఎగరేస్తే డ్రోన్ పోతుంది, మీ మీద కేసూ పడుతుంది, పైగా గద్దల గూళ్ళ దగ్గర అవి చేసే గోల నాకు వ్యక్తిగతంగా పరమ చిరాకు.

మరి ట్రెక్ ఎక్కడ అంటారా. నల్లమలలో మామూలు మనుషులకి నడవడానికి తెరిచి ఉన్న దారులు దాదాపు అన్నీ దేవుడి దారులే. అహోబిలంలో నవ నారసింహుల గుళ్ళ మధ్య దారులు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర, శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలం కాలిబాట. ఆ శ్రీశైలం బాట చాలా పాతది, వెంకటాపురం దగ్గర మొదలై నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం దగ్గర పైకి తేలుతుంది, భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ ఎక్కే రాతి మెట్లు రెడ్డిరాజుల కాలం నాటివని చెప్తారు. ఉగాది ముందు కర్ణాటక నుంచి వేలమంది ఆ దారిన నడిచొస్తారు, దారి పొడుగునా అన్నదానాలు, నీళ్ళ ట్యాంకులు. ఏకాంతం కావాలంటే మాత్రం ఆ టైంలో వెళ్ళకండి, మనుషుల ఫొటోలు తీసేవాళ్ళకైతే అంతకంటే మంచి టైం లేదు. సలేశ్వరం కూడా అంతే, ఏడాదిలో ఆ జాతర రోజుల్లోనే వదులుతారు, లోయలోకి దిగే చోట జనం ఇరుకై తోపులాట ఉంటుంది, పెద్ద కెమెరా వేసుకుని దిగే చోటు కాదది. ఇవేవీ డిసెంబర్లో పడవు కాబట్టి మీకు మిగిలింది అహోబిలం, నిజం చెప్పాలంటే అదే అన్నిటికంటే మంచి నడక.

కాబట్టి నేనైతే ఇలా పెడతా. మొదటి రోజు పొద్దున్నే బయల్దేరి కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం, ఏడు గంటల పైన పడుతుంది, ఆ సాయంత్రం దిగువ అహోబిలం గుడి చూసి పడుకోండి. రెండో రోజు మొత్తం నడక. మూడో రోజు ఆలస్యంగా లేచి, కాళ్ళు పట్టేసి ఉంటాయి ఎలాగూ, నంద్యాల, ఆత్మకూరు మీదుగా మధ్యాహ్నానికి బైర్లూటి అటవీశాఖ క్యాంపు, సాయంత్రం సఫారీ. నాలుగో రోజు తెల్లవారుజామున మళ్ళీ కెమెరాలు, పది పదకొండుకి బయల్దేరితే ఆత్మకూరు, నందికొట్కూరు, కర్నూలు మీదుగా రాత్రికి ఇంట్లో ఉంటారు. కాళ్ళ పని ముందు, కెమెరా పని తర్వాత అన్నమాట. తిరగేసి పెట్టుకుంటే ట్రెక్ అయ్యాక అలసిపోయి అంత దూరం డ్రైవ్ చెయ్యాలి, అది వద్దు.

శ్రీశైలం రోడ్డు వైపే వెళ్ళాలని ఉంటే అదీ తప్పేం కాదు, మన్ననూరులో అమ్రాబాద్ వాళ్ళ టైగర్ స్టే ప్యాకేజీ ఉంది, బస, సఫారీ, చిన్న ట్రెక్ కలిపి ఇస్తారు, ఫర్హాబాద్ వ్యూ పాయింట్ ఆ సఫారీలో వస్తుంది, దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్ నుంచి కృష్ణ మెలికలు తిరిగినట్టు కనపడుతుంది. మల్లెలతీర్థం మూడు వందల యాభై మెట్ల దాకా దిగాలి, దిగేటప్పుడు బాగానే ఉంటుంది. కానీ శని ఆదివారాలు ఆ రోడ్డంతా యాత్రికుల కార్లు, కోతులకి అరటిపళ్ళు వేసేవాళ్ళు. మీరు వీకెండ్ కలిపే పెట్టుకుంటున్నారు కాబట్టే నేను అటు చెప్పట్లేదు.

అహోబిలం నడక గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే గుడికి పోవడమే కదా అని చెప్పులేసుకుని వచ్చేవాళ్ళు ఎక్కువ. ఎగువ అహోబిలం దాకా కారు పోతుంది. అక్కణ్ణుంచి భవనాశి వాగు పట్టుకుని లోయలోకి నడక, కొంత దూరం మెట్లు, వంతెనలు, తర్వాత రాళ్ళ మీద అడుగులు. రెండు పక్కలా నిట్టనిలువుగా క్వార్ట్‌జైట్ కొండ, ఎర్రగా, పలకలు పలకలుగా పేర్చినట్టు ఉంటుంది, ఆ రాయి ఎండలో బాగానే పట్టిస్తుంది గానీ తడిస్తే సబ్బే. పైకెళ్ళాక కొండ చరియ కింద జ్వాలా నరసింహుడు, ముందు నుంచి నీళ్ళు ధారగా పడుతుంటాయి, డిసెంబర్‌కి ధార సన్నబడుతుంది గానీ ఫొటోకి అదే నయం, వానాకాలంలో అయితే తుంపర లెన్సు మీద పడి పని జరగదు. జ్వాల దగ్గర్నుంచి ఇంకా పైకి ఉగ్రస్తంభం అనే కొండ శిఖరం. ఇదే అసలు ట్రెక్. మెట్లు ఉండవు, వేళ్ళు, రాళ్ళు పట్టుకుని ఎక్కాలి, చివర్లో రెండు చేతులూ ఖాళీగా ఉండాల్సిందే, మెడలో కెమెరా ఊగుతుంటే రాయికి కొట్టుకుంటుంది. బ్యాగులో పెట్టేయండి. ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు జ్వాల దగ్గరే ఆగిపోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

పొద్దున ఆరున్నర ఏడుకల్లా ఎగువ అహోబిలం నుంచి నడక మొదలుపెట్టండి. లోకల్ గైడ్‌ని మాట్లాడుకోండి, డబ్బులు ముందే తేల్చుకోండి, ఏయే గుళ్ళు, ఉగ్రస్తంభం ఉందా లేదా అని పేర్లు పెట్టి మాట్లాడుకోండి లేకపోతే జ్వాల దాకా తీసుకెళ్ళి అయిపోయింది సార్ అంటారు. చేతికర్రలు అక్కడే దొరుకుతాయి, తీసుకోండి, దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, స్టీలు బాటిళ్ళలో. ప్లాస్టిక్ బాటిళ్ళు, కవర్ల మీద అడవి చెక్‌పోస్టుల్లో పట్టుకుంటారు, పట్టుకోకపోయినా తేవద్దు. మధ్యాహ్నం మూడుకల్లా కిందికి దిగేలా చూసుకోండి, లోయ కాబట్టి చీకటి తొందరగా పడుతుంది.

ఆ లోయలో ఎండ ఆలస్యంగా దిగుతుంది, అది ఫొటోలకి వరం. తొమ్మిది దాకా లోయంతా నీడలోనే ఉంటుంది, మెత్తటి వెలుతురు, వాగు, నాచు, రాళ్ళు అన్నీ ఆ టైంలోనే తీసేయండి. తర్వాత సగం ఎండ సగం నీడ పడ్డాక ఏ కెమెరా అయినా తడబడుతుంది, అప్పుడు కెమెరా లోపల పెట్టి నడవండి. నీళ్ళు తెల్లటి పొగలా రావాలంటే ట్రైపాడ్ మొయ్యక్కర్లేదు, షట్టర్ స్పీడ్ బాగా తగ్గించి, కెమెరాని రాయి మీద పెట్టి, అదరకుండా రెండు సెకన్ల టైమర్ వేస్తే చాలు. లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ ఒకటి మాత్రం తప్పనిసరి, తడి రాళ్ళ మీద మెరుపు తగ్గి వాటి ఎరుపు బయటికొస్తుంది. గర్భగుళ్ళలో ఫొటోలు తియ్యకండి, అడగడం కూడా వద్దు.

ఒకవేళ మీ ట్రిప్ వెనక్కి జరిగి సంక్రాంతి దాటితే ఇంకో సంగతి. అప్పుడు అహోబిలంలో పారువేట ఉత్సవం మొదలవుతుంది, స్వామి పల్లకిలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ నలభై రోజులకి పైగా తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులకి ఆయన అల్లుడు, పెళ్ళికి పిలవడానికి ఆయనే స్వయంగా వస్తాడని నమ్మకం. నడక పక్కన పెట్టి ఒక రోజు ఆ పల్లకి వెనక తిరిగినా మంచి ఫొటోలొస్తాయి.

ఇప్పుడు బైర్లూటి. ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే రోడ్డు మీద అడవి మొదలయ్యే చోట అటవీశాఖ క్యాంపు, కాటేజీలు, టెంట్లు, భోజనం, జీపు సఫారీ అన్నీ అక్కడే. ఇంకా లోపలికి పెచ్చెర్వులో కూడా క్యాంపు ఉంది, అక్కడికి వాళ్ళ జీపులోనే వెళ్ళాలి, దొరికితే వదలకండి, అక్కడ రాత్రి కరెంటు దీపాల వెలుగు, బళ్ళ చప్పుడు ఏవీ ఉండవు, నక్షత్రాలు తియ్యాలంటే అదే చోటు. డిసెంబర్ వీకెండ్లు ముందే నిండిపోతాయి కాబట్టి కనీసం నెల ముందు ఆన్‌లైన్‌లో చూసుకోండి. బుక్ అయ్యాక ఒకసారి ఫోన్ చేసి సఫారీ ఏ టైంలో, జీపు మీ నలుగురికేనా లేక వేరేవాళ్ళతో కలుపుతారా అడగండి. మీ నలుగురికే తీసుకోవడం మంచిది, ఆగమన్నప్పుడు ఆగుతుంది, ఇంజన్ ఆపమన్నప్పుడు ఆపుతారు. ఇంజన్ నడుస్తుంటే జీపు వణుకుతుంది, నాలుగు వందల ఎంఎం లెన్సులో ఆ వణుకంతా కనపడుతుంది.

పులి కోసమే అయితే మాత్రం మహారాష్ట్రలో తాడోబా టైగర్ రిజర్వ్‌కి వెళ్ళండి, డబ్బు కలిసొస్తుంది. ఇక్కడ పులులున్నాయి, బాగానే ఉన్నాయి, కానీ అడవి పెద్దది, దట్టం, కొండలు, అవి మన జీపు కోసం రోడ్డు మీదకి రావు. ఇసకలో అడుగుజాడ, చెట్టుకి గోళ్ళ గీతలు, కణితి (పెద్ద జింక) పులిని పసిగట్టి ఒక్కసారి గట్టిగా అరవడం, అంతవరకే చాలామందికి దక్కేది. ఆ కణితి అరుపు వినపడితే డ్రైవర్‌ని ఇంజన్ ఆపించి పది నిమిషాలు కదలకండి. పులి సంగతి వదిలేస్తే దుప్పులు, కొండగొర్రె, ఎలుగుబంటి, రేచుకుక్కలు, చిరుత, పెద్ద ఉడుత, పాముల గద్ద, వీటిలో కొన్నయినా పడతాయి. పెద్ద ఉడుతని ఎవరూ పట్టించుకోరు గానీ ముదురు ఎరుపు రంగు, ఒంటికంటే పొడుగు తోక, పొద్దున ఎండలో కొమ్మ మీద బోర్లా పడుకుని కాయ కొరుకుతుంటే దానికి మించిన మోడల్ లేదు.

ఎలుగుబంటి దొరికితే ఒక మాట. నల్లటి జంతువు ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగు చెయ్యాలని చూస్తుంది, వెనక ఉన్న ఎండు గడ్డి అంతా తెల్లగా కాలిపోతుంది. మైనస్ ఒకటి దాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఫోకస్ కంటి మీద పడటం కష్టం, కళ్ళు ఆ జుట్టులో ఎక్కడో ఉంటాయి, మూతి మాత్రం తెల్లగా ఉంటుంది కాబట్టి దాని అంచు మీద పెట్టండి. సాయంత్రం ఐదు దాటాక చెట్ల కింద వెలుతురు చాలా తక్కువ, ఐఎస్ఓ మూడు నాలుగు వేలకి పోనివ్వండి, నాయిస్ వచ్చినా తర్వాత తగ్గించుకోవచ్చు, అదిరిపోయిన ఫొటోని ఎవడూ బాగుచెయ్యలేడు. జీపు అంచున లెన్సు ఆనించుకునే బీన్ బ్యాగ్ కొనక్కర్లేదు, గట్టి గుడ్డ సంచి ఖాళీది తెచ్చుకుని ఆత్మకూరులో రెండు కిలోల శనగలు పోసి కుట్టేసుకోండి, వెళ్ళేటప్పుడు ఎవరికైనా ఇచ్చేయొచ్చు. జీపులో లెన్సు మార్చకండి, ఆ ఎర్ర దుమ్ము సెన్సర్ మీద పడితే ట్రిప్ అంతా ఆకాశంలో చుక్కలే. పొద్దుటి చలిలో తిరిగిన కెమెరాని వెచ్చటి రూంలోకి తేగానే అద్దం మీద ఆవిరి పట్టొచ్చు, అరగంట దాకా బ్యాగ్‌లోంచి తియ్యకండి.

జంతువులు లేకపోయినా చెట్లున్నాయి, నల్లమల ఫొటోల్లో నాకు ఎక్కువ నచ్చేవి అవే. తపసి చెట్టు అని ఉంటుంది, రాతి గుట్టల మీద పెరుగుతుంది, బెరడు తెల్లగా నున్నగా, ఆకు రాలాక కొండ మీద దయ్యంలా నిలబడి ఉంటుంది, బంక కోసం చెంచులు దాని మీదే ఆధారపడతారు. అందుగు చెట్టు బెరడు కాగితాల్లా పొరలు ఊడుతుంటుంది, సాయంత్రం ఎండ వెనకనుంచి పడితే ఆ పొరలు వెలుగుతాయి. డిసెంబర్‌లో అడవి సగం పచ్చగా సగం పండిపోయి ఉంటుంది, అది మంచి టైమే. కానీ మళ్ళీ వచ్చే ఆలోచన ఉంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో రండి, ఆకంతా రాలిపోయి, మోదుగ ఎర్రగా, కొండగోగు పసుపుగా, ఒక్క ఆకు లేకుండా ఉత్త పూలతో నిలబడతాయి, పైగా ఆకు లేదు కాబట్టి జంతువు దూరం నుంచే కనపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీటి గుంటల దగ్గర జంతువులు ఎక్కువ పడతాయి, కానీ నలభై డిగ్రీల పైన ఎండ, అడవి తగలబడే కాలం, నడక పెట్టుకోవద్దు. జులై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీలు మూసేస్తారు.

ఫొటోగ్రాఫర్లకి ఇంకో రిక్వెస్ట్. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో నీలం రంగు సాలీడు ఒకటుంది, చాలా అరుదు. 1899లో గుత్తిలో దొరికినదాన్ని బట్టి శాస్త్రవేత్తలు మొదటిసారి వర్ణించారు, ఆ తర్వాత వందేళ్ళ దాకా మళ్ళీ ఎవరికీ కనపడలేదు, ఈ అడవిలో తిరిగి దొరికింది. పెంచుకునేవాళ్ళకి అమ్ముకోవడానికి దాన్ని దొంగతనంగా పట్టుకెళ్ళేవాళ్ళున్నారు, పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది, ఆ చెట్లు పోతే అదీ పోతుంది. దాని కోసం బెరడు పీకడం, తొర్రలో పుల్ల పెట్టడం చెయ్యకండి. అదృష్టంకొద్దీ దొరికి ఫొటో తీసినా లొకేషన్ తీసేసి పెట్టండి. పులి ఫొటోకీ, గద్ద గూడుకీ అదే రూలు, ఫోన్ కెమెరాలో లొకేషన్ ఇంటి దగ్గరే ఆపేసి బయల్దేరితే గొడవ ఉండదు. జంతువు ముందు నుంచి పోతే వాటంతటవే ఫొటో తీసే కెమెరా ట్రాపులు చెట్లకి కట్టి కనపడితే వాటి ముందు సెల్ఫీ ఫోజులు వద్దు, ముట్టుకోవద్దు.

చెంచుపెంటల (చెంచుల గూడేల) దగ్గర ఆపితే కెమెరా బయటికి తియ్యకముందు మాట్లాడండి. ఊరికే బండి ఆపి గుడిసెల మీదా పిల్లల మీదా జూమ్ చేసేవాళ్ళని చూసి వాళ్ళు విసిగిపోయారు. క్యాంపుల్లో, జీపుల్లో పనిచేసే ట్రాకర్లలో చాలామంది చెంచులే, మీ జీపులో ఆయన ఉంటే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆయన చూసే వైపు చూడండి, మీరు కెమెరా ఆన్ చేసేలోపు ఆయన జంతువుని, అది పోబోయే దారిని కూడా చెప్పేస్తాడు. పిల్లలకి చాక్లెట్లు పంచడం మానేసి ఆయన ఫొటో ఒకటి బాగా తీసి ప్రింటు వేయించి క్యాంపుకి పోస్టులో పంపండి, చాలామంది పంపుతామని చెప్పి పంపరు.

జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తా. తెల్లవారుజామున, సాయంత్రం నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవండి, ఎలుగుబంటికి మనం సడెన్‌గా ఎదురుపడటమే ప్రమాదం, ముందే చప్పుడు వింటే అదే తప్పుకుంటుంది. ఇప్ప పూలు రాలే కాలంలో అయితే ఇంకా జాగ్రత్త, తెల్లారేసరికి ఎలుగులు ఆ చెట్ల కిందే ఉంటాయి. వానాకాలం అయ్యాక గడ్డిలో పిడుదులు బాగా ఉంటాయి, ఫుల్ ప్యాంటు, దాన్ని సాక్సుల్లోకి దోపండి, రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో చూసుకోండి, కరిచి ఉంటే పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగండి, అగ్గిపుల్లతో కాల్చకండి. ఇటు మలేరియా కూడా ఉంది, దోమల క్రీము పెట్టుకోండి, ఇంటికెళ్ళాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకుని కూర్చోకుండా నల్లమల అడవికి వెళ్ళొచ్చామని డాక్టర్‌కి ముందే చెప్పండి, ఆ ఒక్క ముక్క చెప్తే ఏ టెస్టులు రాయాలో ఆయనకి తెలుస్తుంది. సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, మ్యాప్ ఆఫ్‌లైన్లో డౌన్‌లోడ్ చేసుకుని, ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంట్లో రాసిపెట్టండి. ఆత్మకూరులోనో ఆళ్ళగడ్డలోనో ట్యాంకు నింపేసుకోండి. క్యాష్ పెట్టుకోండి, నెట్ లేనిచోట ఫోన్‌పే పనిచెయ్యదు.

బట్టలు మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ, పొద్దున చలికి ఒక జాకెట్, తల మీద టోపీ. బూట్లు కొత్తవి కొనకండి, కొంటే నెల ముందు కొని వాడండి. కింద గ్రిప్ ఉన్నది ముఖ్యం, అహోబిలం దారిలోని ఆ క్వార్ట్‌జైట్ రాయి అంచులు కత్తిలా ఉంటాయి, పల్చటి రన్నింగ్ షూ అడుగు కోసేస్తుంది.

మోకాళ్ళ నొప్పి ఉన్నాయన గురించి. ఆయన్ని ఉగ్రస్తంభం వద్దనండి, ఎక్కడం కాదు దిగడమే ఆయన్ని చంపుతుంది. ఎగువ అహోబిలం గుడి దాకా కారులో, అక్కణ్ణుంచి జ్వాల వైపు డోలీలు దొరుకుతాయి, ఇద్దరో నలుగురో మోస్తారు, మొహమాటపడకుండా ఎక్కమనండి. లేదా మీరు ముగ్గురూ పైకెళ్ళిన రోజు ఆయన పావన నరసింహ గుడికి జీపులో వెళ్ళొచ్చు, ఆ దారంతా అడవే, నడుము కదిలిపోయేలా ఎగరేస్తుంది గానీ మోకాలికి ఇబ్బంది లేదు, పైగా దారిలో పిట్టలు బాగా పడతాయి. ఆ రోజు పెద్ద లెన్సు ఆయన చేతికివ్వండి, మీరెలాగూ దాన్ని పైకి మొయ్యరు.